మునిగిపోతున్న మనిషి మొహం

పైడిలంక చర్చిలో కొత్త కిటికీ మీద కప్పిన తెల్లగుడ్డ లాగగానే అందరూ చప్పట్లు కొట్టారు. అచ్చాయమ్మ ఒక్కతే కొట్టలేదు. చాప మీద నుంచి లేచి, ముందు కూర్చున్నవాళ్ళ భుజాలు పట్టుకుని దారి చేసుకుంటూ నేరుగా అద్దం దగ్గరకు నడిచింది. ప్రార్థనకు నోరు తెరిచిన పాస్టర్ కృపావరం అలాగే ఆగిపోయాడు.

తూర్పుగోడ నిండా పరుచుకున్న రంగుల అద్దం అది. నీళ్ళ మీద నడిచివస్తున్న యేసు, ఆయన వెనక పడవ, ముందు గుండెల లోతు మునిగిపోతూ చెయ్యి పైకెత్తిన పేతురు. అయితే ఆ నీళ్ళు ఎక్కడో పరాయిదేశపు సముద్రంలా లేవు. ఒడ్డున కిక్కిస గడ్డి ఉంది. పడవ అచ్చం తాటిదోనె. దూరంగా గూడబాతులు వరసగా కూర్చున్నాయి. కొల్లేరే అది. గుడ్డ తీసిన వెంటనే జనం మురిసిపోయింది అందుకే.

అచ్చాయమ్మ పేతురు మొహం ముందు నిలబడింది. చెయ్యెత్తి ఆ మొహం మీద పెట్టింది.

"ఈడు నా కొడుకు," అంది.

ఎవరో ముసిముసిగా నవ్వారు. వెనక నుంచి ఒకావిడ, "అత్తా, ఆయన పేతురు గారు. వచ్చి కూర్చో," అంది.

"పేతురెవరో నాకు తెలుసు. ఈడు మా విశ్వాసం. ఎడమ కనుబొమ్మ చూడండి. దోనెకున్న మేకు గీసుకుపోయి రెండుగా చీలింది కాదూ? నేను పసుపు అద్దేను. మీలో ఎవరికీ గుర్తులేదా?"

నవ్వులు ఆగిపోయాయి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే లేచి దగ్గరికొచ్చారు. విశ్వాసంతో కలిసి వలలు లాగినవాళ్ళు వచ్చారు. చీలిన కనుబొమ్మ, పైఅంచు కొద్దిగా మడతపడిన చెవి, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. పక్కన ఎవరిదో పసిపిల్ల ఏడుస్తుంటే ఊరుకోబెట్టాలని కూడా తల్లికి తోచలేదు.

విశ్వాసం పోయి ఇరవయ్యేళ్ళు కావస్తోంది. వానాకాలంలో ఒక సాయంత్రం తండ్రీకొడుకులు వల తీయడానికి వెళ్ళారు. గాలివాన వచ్చింది. మర్నాడు దోనె తలకిందులుగా దొరికింది. మూడోనాడు తండ్రి శవం కిక్కిసలో చిక్కుకుని కనిపించింది. కొడుకు శవం దొరకనేలేదు. చివరికి అచ్చాయమ్మ కొడుకు చొక్కా ఒకటి మడిచి, తండ్రి పక్కనే గొయ్యి తీయించి పాతిపెట్టించింది. ఆ సమాధి మీద పేరు కూడా చెక్కించింది.

ఆవిడ పాస్టర్ వైపు తిరిగింది. గొంతు వణకడం లేదు. అదే అందరినీ భయపెట్టింది.

"జుట్టు చూడండయ్యగారూ. పోయేనాటికి మా వోడికి మీసం కూడా సరిగ్గా రాలేదు. ఇక్కడ చెవుల పక్కన నెరిసిపోయుంది. కళ్ళ కింద ముడతలున్నాయి. చచ్చిపోయినోడికి జుట్టు నెరుస్తుందాండీ?"

కృపావరం తల తిప్పి వేదిక వైపు చూశాడు. అందరి తలలూ అటే తిరిగాయి.

వేదిక మీద సుబ్బరాజు కూర్చున్నాడు. ఏలూరు పవర్‌పేటలో అద్దాల బొమ్మల షాపు ఆయనది. ఇళ్ళకు పూజగది తలుపులు, హోటళ్ళకు నెమళ్ళ అద్దాలు, చర్చిలకు కిటికీలు చేసిస్తాడు. ఈ అద్దం చేసిన కళాకారుడంటూ కాసేపటి క్రితమే ఆయనకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇంకా భుజాల మీదే ఉంది.

"రాజుగారూ, ఈ మొహం మీరెక్కడ చూశారండి?" కృపావరం అడిగాడు.

సుబ్బరాజు లేచి నిలబడ్డాడు. "ఎక్కడా చూళ్ళేదండి... అదీ... ఊహించి గీసిందండి," అన్నాడు.

"కనుబొమ్మ మీద గాటు కూడా ఊహించేరాండి?" అంది అచ్చాయమ్మ.

"ఇంటర్నెట్‌లో ఏవో బొమ్మలుంటాయి కదండీ... అందులోంచి..."

ఆయన మాట పూర్తిచేయలేదు. కారెక్కి ఏలూరు చేరేదాకా శాలువా తీసేయాలన్న సంగతే ఆయనకు గుర్తు రాలేదు.

*

ఆ బొమ్మ గీసింది సువర్ణ.

షాపు వెనక గదిలో, బల్ల మీద వంగి, సగం జీవితంగా ఆవిడ చేస్తున్న పని అదే. పదో తరగతి అయ్యాక పక్కవీధిలో సైన్‌బోర్డులు రాసే మేష్టారి దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత ఈ షాపులో చేరింది. ఏలూరు నుంచి కైకలూరు దాకా ఎన్ని ఇళ్ళలో ఆవిడ గీసిన లక్ష్మీదేవి తలుపుల మీద ఉందో ఆవిడకే తెలియదు. షాపు కార్డు మీద 'డిజైనర్: సుబ్బరాజు' అని ఉంటుంది. వచ్చినవాళ్ళు ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఆయనతోనే మాట్లాడి వెళ్ళిపోతారు.

సుబ్బరాజు చెడ్డవాడు కాదు. ఆవిడకు జ్వరమొస్తే తనే మందులు తెచ్చేవాడు. "ఆడమనిషి గీసిందంటే జనం నమ్మరు సువర్ణా. పెద్ద పనులు మనదాకా రావు," అని మొదట్లో ఒకసారి చెప్పాడు. ఆ మాట అక్కడితో స్థిరపడిపోయింది. అద్దం బిగించే చోటికి వస్తానని ఆవిడ ఒకటి రెండుసార్లు అడిగింది. "లారీల్లో, నిచ్చెనల మీద నువ్వెక్కడ తిరుగుతావు?" అన్నాడు. తర్వాత అడగడం మానేసింది. అద్దపు పలక మీద రంగు ఆరగానే పనివాళ్ళు చెక్కపెట్టెలో పెట్టి తీసుకుపోయేవారు. తన బొమ్మ నిలువుగా నిలబడి, వెనక నుంచి వెలుగు పడితే ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ చూడలేదు. పైడిలంక కిటికీ కూడా మూడు పలకలుగా విడివిడిగానే ఆవిడ చేతుల్లోంచి వెళ్ళిపోయింది.

ఆవిడది తాడేపల్లిగూడెం. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో ఉంటూ రోజూ మెమూ రైల్లో వచ్చిపోతుంది.

సోమవారం ఆవిడ వచ్చేసరికి సుబ్బరాజు వెనక గదిలో, ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అలా ఎప్పుడూ కూర్చోడు.

"ఆ పేతురు మొహం ఎక్కడిది?" అన్నాడు.

"ఏం రాజుగారూ? బాగా రాలేదా?"

"ఎక్కడిదో చెప్పు ముందు."

సువర్ణ సంచి కింద పెట్టింది. "మీరు ఫోన్లో ఇచ్చిన బొమ్మలో మొహాలన్నీ ఒకేలా ఉన్నాయండి, గడ్డాలు తప్ప ఏం లేదు. మునిగిపోయే మనిషికి భయం కనపడాలి కదా. కిందటి వానల్లో రైల్లో ఒకాయన్ని చూసేను. పూళ్ళ స్టేషన్ దాటాక రెండువైపులా చేలు మునిగి సముద్రంలా ఉంది. అందరూ కిటికీల దగ్గరకెళ్ళి చూస్తున్నారు. ఆయనొక్కడే కళ్ళు గట్టిగా మూసుకుని, పైనున్న రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళయిపోయేదాకా తెరవలేదు. ఒకసారి తెరిచి మళ్ళీ మూసుకున్నాడు, అప్పుడు కనపడ్డ మొహమండి అది."

సుబ్బరాజు నుదురు పట్టుకున్నాడు. "ఆ మనిషి చచ్చిపోయాడని ఇరవయ్యేళ్ళుగా వాళ్ళమ్మ ఏడుస్తోంది," అన్నాడు.

చర్చిలో జరిగిందంతా చెప్పాడు. వింటూ వింటూ సువర్ణ గోడకు ఆనుకుంది. ఆ మనిషి బతికే ఉన్నాడు. ఎక్కడున్నాడో కూడా ఆవిడకు తెలుసు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోస్తాడు. ఆ తర్వాత ఉల్లిపాయలకు వెళ్ళినప్పుడల్లా ఆ కనుబొమ్మను ఆవిడ చూస్తూనే ఉంది. అక్కడందరూ ఆయన్ని సత్తిబాబు అంటారు.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు సుబ్బరాజు. "కావాలని దాక్కున్నవాణ్ణి బయటికి లాగి మనమేం బావుకుంటాం? ఇంటర్నెట్లోదని చెప్పేశాను. అదే మాట మీదుందాం."

సువర్ణ జవాబు చెప్పేలోపే ముందు గదిలో అలికిడయింది.

"రాజుగారున్నారాండీ?"

కృపావరం గొంతు. ఆయనతో అచ్చాయమ్మ వచ్చింది. తలుపు సందులోంచి సువర్ణకు ఆవిడ పాదాలు కనపడుతున్నాయి. చెప్పుల్లేవు. మడమలు పగిలి ఉన్నాయి. సుబ్బరాజు గబగబా ముందుకెళ్ళి కుర్చీలు చూపించాడు. అచ్చాయమ్మ కూర్చోలేదు.

"బాబూ, మీకు దణ్ణం పెడతాను. నేనేం గొడవ చేయనండి. ఆడు ఏ ఊళ్ళో కనపడ్డాడో అది చెప్పండి చాలు. దూరాన్నుంచి చూసి వచ్చేస్తాను."

"నేను చెప్పేను కదమ్మా, అది కంప్యూటర్లో..."

ఇన్నేళ్ళలో ఆ గడప అవతల కూర్చున్నవాళ్ళ ముందు సువర్ణ ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ఎవరు గీశారని వాళ్ళు అడిగితే బాగుండునని అనుకోని రోజు లేదు. ఇవాళ అడిగారు. అడిగింది బొమ్మ కోసం కాదు. అయినా తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఆ బొమ్మ నేను గీసేనమ్మా," అంది.

కృపావరం సుబ్బరాజు వంక చూశాడు. సుబ్బరాజు నేల చూశాడు. అచ్చాయమ్మ మాత్రం ఎవరినీ చూడకుండా సువర్ణ దగ్గరికొచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. గోళ్ళ సందుల్లో ఆరిపోయిన నీలం రంగు ఉంది.

"నువ్వా? నువ్వు చూసేవా అమ్మా మా వోణ్ణి? తింటున్నాడా? ఒళ్ళు బాగుందా ఆడికి?"

సువర్ణకు ఏడుపు ముంచుకొచ్చింది. "బాగానే ఉన్నాడమ్మా," అంది.

*

మధ్యాహ్నానికి కృపావరం, అచ్చాయమ్మ, సువర్ణ ముగ్గురూ తాడేపల్లిగూడెం చేరారు. దారి పొడుగునా అచ్చాయమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మార్కెట్లో లారీ నుంచి గోడౌన్లోకి బస్తాలు దించుతున్నారు. ఉల్లిపొట్టు గాలికి లేచి మొహాల మీద పడుతోంది. సువర్ణ చూపించాల్సిన అవసరం రాలేదు. వీపు మీద బస్తాతో వంగి నడిచివస్తున్న మనిషికి అడ్డంగా అచ్చాయమ్మ వెళ్ళి నిలబడింది.

"తప్పుకోమ్మా," అన్నాడతను తలెత్తకుండా.

"విశ్వాసం," అంది ఆవిడ.

ఆ పేరుతో అతన్ని పిలిచినవాళ్ళు ఇరవయ్యేళ్ళుగా లేరు. అతను కదల్లేదు. వంగినవాడు వంగినట్టే, బస్తా మోస్తూ, ఆవిడ పాదాల వంకే చూస్తూ నిలబడిపోయాడు. బస్తా దించుకోవాలని కూడా తెలియలేదు. వెనక వస్తున్న హమాలీ, "ఏరా సత్తిబాబూ, ఏమైంది?" అని అరిచి, జవాబు రాకపోతే తనే వచ్చి ఆ బస్తా దించాడు. బరువు పోయాక కూడా అతని నడుము నిటారు కాలేదు.

"నీ చొక్కా పాతిపెట్టేనురా," అంది అచ్చాయమ్మ. "నీలంగీతల చొక్కా. అది తప్ప నీది ఇంకేం మిగల్లేదు నాకు. అదే పాతిపెట్టేను."

అతను మెల్లగా తలెత్తాడు. తర్వాత అతని చూపు పాస్టర్ మీదకు, అక్కణ్ణుంచి సువర్ణ మీదకు పోయింది.

"ఎవరు చెప్పేరు? మీరెవరండి?"

"నేను... అద్దాల మీద బొమ్మలు గీస్తానండి. మిమ్మల్ని రైల్లో చూసేను. మీ మొహం గీసేను," అంది సువర్ణ.

కృపావరం ఫోన్ తీసి కిటికీ ఫోటో చూపించాడు. అతను చేతులు చొక్కాకు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. ఒక్కసారిగా సువర్ణ మీదకు కేకేశాడు.

"ఎవరడిగేరండి మిమ్మల్ని గీయమని? నన్నడిగేరా? కళ్ళు మూసుకుని నా బతుకేదో నేను బతుకుతున్నాను. చూసినోళ్ళు చూసి ఊరుకోవాలి గానీ!"

చుట్టూ హమాలీలు గుమిగూడారు. సువర్ణ రెండడుగులు వెనక్కి వేసింది. అతను అన్నదాంట్లో తప్పేముంది? ఆ మొహం తనకు నచ్చింది. తీసుకుంది. ఆ మొహం వెనక మనిషున్నాడన్న ఆలోచనే అప్పుడు రాలేదు.

అతను మళ్ళీ ఫోను చూశాడు. ఈసారి గొంతు పడిపోయింది.

"ఇది నేను కాదమ్మా," అన్నాడు తల్లితో. "మునిగింది నాన్న. ఇలాగే చెయ్యెత్తేడు. ఇలాగే. దోనె తిరగబడ్డాక నా కాలు దొరికింది ఆయనకి. గట్టిగా పట్టుకున్నాడు. నేనూ కిందకి పోతున్నాను. ఊపిరాడలేదు. విదిలించుకున్నానమ్మా. కాలితో తన్నేను. మళ్ళీ చెయ్యెత్తేడు. నేను అందుకోలేదు."

లారీ ఇంజను ఆడుతూనే ఉంది.

"గట్టెక్కి రోడ్డు మీదకొచ్చి చేపల లారీ ఎక్కేసేను. ఇంటికొచ్చి నీకేం చెప్పను? నాన్నని తన్ని వచ్చేనని చెప్పనా?"

అచ్చాయమ్మ పక్కనున్న బస్తా మీద కూలబడింది. చాలాసేపు తన మోకాళ్ళ వంకే చూసింది. కృపావరం ఆవిడ భుజం మీద చెయ్యి వేయబోతే తోసేసింది.

"పెళ్ళయిందా?" అంది చివరికి.

"అయింది. కూతురు. ఇందుజ. ఎనిమిదో తరగతి."

"నా గురించి ఏం చెప్పేవు ఆ పిల్లకి?"

అతను తలదించుకున్నాడు. "చచ్చిపోయేవని చెప్పేను."

"నేనూ నీ గురించి ఊరందరికీ అదే చెప్పేను. సరిపోయింది."

ఆవిడ లేచి, కొంగు దులుపుకుని, బస్టాండు వైపు నడిచింది. అతను వెంట వెళ్ళలేదు. పిలవనూ లేదు.

*

తర్వాత కొన్నాళ్ళు సువర్ణకు పని సాగలేదు. తణుకు వాళ్ళెవరో అడిగిన వెంకటేశ్వరస్వామి బల్ల మీద పడుంది. కళ్ళు తప్ప అంతా అయిపోయింది. కుంచె కళ్ళ దాకా తీసుకెళ్ళి వెనక్కి తీసేస్తోంది. షాపుకొచ్చిన ఒకాయనతో సుబ్బరాజు, "గీసేది మా సువర్ణ అండి, లోపలుంది," అని చెప్పడం ఆవిడకు వినపడింది. సంతోషించే స్థితిలో ఆవిడ లేదు.

ఈలోగా మార్కెట్లో అతను చెప్పింది ఊరికి తెలిసి, పైడిలంక చర్చి పెద్దలు రెండుగా చీలారు. తండ్రిని నీళ్ళలో వదిలేసినవాడి మొహం గుడిలో ఉండకూడదని కొందరు పట్టుబట్టారు. కృపావరం సుబ్బరాజుకు ఫోన్ చేశాడు. సుబ్బరాజు వెనక గదిలోకి వచ్చి, "ఆ మొహం గీకేసి, గడ్డం పెట్టి వేరే మొహం వెయ్యమంటున్నారు. పలక ఊడదీస్తే పగిలిపోతుంది. అక్కడే చెయ్యాలి. నువ్వే వెళ్ళాలి," అన్నాడు.

అద్దం ఉన్న చోటికి వెళ్ళమని ఆయన అనడం అదే మొదలు. దేనికి వెళ్ళమంటున్నాడో తలుచుకుంటే ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పొద్దున్నే ఆటోలో వెళ్ళింది. చర్చి తలుపులు తీసే ఉన్నాయి. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టి, అక్కడే నిలబడిపోయింది.

అప్పుడే ఎండ ఎక్కుతోంది. తూర్పుగోడ మొత్తం మండుతున్నట్టుంది. తను బల్ల మీద పూసిన నీలం నీలంగా లేదు, లోపల దీపం పెట్టిన నీళ్ళలా ఉంది. గూడబాతుల తెలుపు కళ్ళకు గుచ్చుకుంటోంది. గచ్చు మీద, బెంచీల మీద, తన చీర మీద, తన చేతుల మీద రంగులు పారుతున్నాయి. ఇది నేను చేశానా? ఇన్నేళ్ళూ చేస్తున్నది ఇదా? చెక్కపెట్టెల్లో సర్దిచ్చేసింది ఇదంతానా? పక్కనున్న స్తంభం పట్టుకుంది. తప్పులూ కనపడ్డాయి. యేసు చెయ్యి శరీరానికి చిన్నదైపోయింది. మూడో పలకలో నీటి గీత రెండో పలకతో కలవలేదు. ఒక్కసారి వచ్చి నిలబెట్టి చూసుకుని ఉంటే ఈ తప్పులు ఉండేవి కాదు.

"వచ్చేవా అమ్మా?"

అచ్చాయమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. ఆవిడ తెల్లజుట్టు మీద ఎరుపు పడుతోంది.

"మొహం మార్చమన్నారమ్మా," అంది సువర్ణ.

"ఆయ్, తెలుసు. అయ్యగారితో మాట్లాడేను. మొహం ముట్టుకోకు. అది ఉండాలి. ఆ పెద్దలకి నేను చెప్పుకుంటాను." ఆవిడ లేచి అద్దం దగ్గరికొచ్చింది. పైకెత్తిన పేతురు చెయ్యి, కిందికి చాచిన యేసు చెయ్యి. రెంటికీ మధ్య బెత్తెడు నీలం. "ఇది చూసేవా? అందలేదు. రోజూ వచ్చి చూస్తున్నాను, అందట్లేదు. చూడలేకపోతున్నానమ్మా. ఈ చేతులు కలపగలవా?"

సువర్ణ చాలాసేపు చూసింది. యేసు చెయ్యి ఎలాగూ చిన్నది. పెంచితే తప్పూ దిద్దుకుంటుంది.

"కలుపుతాను," అంది.

నిచ్చెన వేసుకుని ఎక్కింది. కృపావరం వచ్చాడు. తర్వాత మొహం మార్చమన్న పెద్దలు వచ్చారు. అచ్చాయమ్మ వాళ్ళతో ఏం మాట్లాడిందో గాని, వాళ్ళు గోడవార బెంచీల మీద కూర్చుని పని చూడసాగారు. జనం చూస్తుండగా గీయడం సువర్ణకు అలవాటు లేదు. బ్లేడుతో మెల్లగా నీలం గీకింది. రంగు పొట్టులా రాలింది. రెండు చేతుల మధ్య అద్దం తేటపడింది. అందులోంచి బయట కనపడింది: మట్టిగట్టు, గట్టు మీద ఆగిన ఆటో, ఆటో పక్కన దిగి నిలబడి, ముందుకు రాని ఒక మగమనిషి. అతని పక్కన జడలేసుకున్న పిల్ల.

సువర్ణకు బ్లేడు జారి కింద పడింది.

"అచ్చాయమ్మ గారూ," అంది. "బయటికెళ్ళండి. గట్టు మీద ఎవరో వచ్చేరు."

సువర్ణ మొహం చూడగానే ఆ ముసలావిడకు అర్థమైపోయింది. చెప్పుల్లేకుండానే పరుగెత్తింది. పెద్దలు లేచి గుమ్మం దాకా వెళ్ళారు. సువర్ణ నిచ్చెన మీదే ఉండిపోయింది.

తల్లి కొడుకు చెంప మీద కొట్టడం కనపడింది. మళ్ళీ కొట్టింది. అతను కదల్లేదు. తర్వాత ఆవిడ ఆ పిల్ల గడ్డం పట్టుకుని, మొహం అటూ ఇటూ తిప్పి తిప్పి చూసింది. కనుబొమ్మలు తడిమి చూసింది. అప్పుడు కూలబడింది గట్టు మీద, మట్టిలో, పెద్దగా ఏడుస్తూ. కొడుకు ఆవిడ పక్కన కూర్చుండిపోయాడు.

అతను ఆ రోజు చర్చి లోపలికి రాలేదు. తండ్రి సమాధి దగ్గరికి మాత్రం వెళ్ళాడు. పక్కనే అతని పేరున్న రాయి చూసి పెద్దవాళ్ళే తల పక్కకు తిప్పుకున్నారు. ఎవరో గునపం తెచ్చారు. ఆ రాయి పెకిలిస్తుంటే అతనూ ఒక చెయ్యి వేశాడు. చొక్కాను మాత్రం తీయొద్దంది అచ్చాయమ్మ.

సువర్ణ మధ్యాహ్నమంతా వేళ్ళు గీసింది. ముందు నల్లగీత, తర్వాత చర్మం రంగు, చివర గోళ్ళ మీద వెలుగు. పై నుంచి వచ్చిన వేళ్ళు కింది మణికట్టును చుట్టుకున్నాయి. సుబ్బరాజు ఫోన్ చేశాడు.

"అయిందా?"

"చెయ్యి అయ్యిందండి. నీటిగీత కలపాలి. రాజుగారూ, ఇకమీదట బిగించే చోటికల్లా నేనూ వస్తాను."

"ఆ పెద్దాళ్ళేమన్నారు?" అన్నాడు.

"వాళ్ళ సంగతి తర్వాత చెప్తానండి. నేనన్నది విన్నారా?"

"విన్నాను. వద్దుగానిలే... నిచ్చెనలూ అవీ..." అని ఆగి, "సరే. రా," అన్నాడు.

కింద ఇందుజ ఎప్పుడొచ్చిందో, నిచ్చెన పక్కన నిలబడి తలెత్తి చూస్తోంది. "ఈయన మా నాన్నలా ఉన్నాడేంటండి?" అని అడిగింది.

సువర్ణ అచ్చాయమ్మ కోసం చూసింది. ఆవిడ లోపలికొచ్చి, తడిసిన మొహంతో, నిచ్చెన మెట్టు ఒకటెక్కి ఆ వేళ్ళను ముట్టుకోబోయింది.

"ముట్టుకోకండమ్మా, ఇంకా ఆరలేదు."

"ఎప్పటికి ఆరుతుంది?"

"రేపటికండి."

"అయితే రేపటిదాకా ఉండిపో. కొర్రమీను తెప్పించేను," అంది అచ్చాయమ్మ. మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడుస్తూ, "మీ ఇంటికి ఫోన్ చేసి చెప్పు, ఎదురుచూస్తారు," అని వెనక్కి తిరిగి అరిచింది.